ఉప్పెన ముంచిన ఇల్లు: ఉప్పు కడగడం నుంచి గోడలు ఆరేదాకా సమగ్ర మార్గదర్శి

వాన వరద ఇంట్లోకి వస్తే ఏం చేయాలో అందరికీ తెలుసు. నీళ్ళు తోడతాం, బురద ఎత్తుతాం, తలుపులూ కిటికీలూ బార్లా తీసి ఆరబెడతాం. సముద్రపు ఉప్పెన ముంచిన ఇంట్లోనూ ఇంతే చేసి ఊరుకుంటే ఆరు నెలలైనా గోడలు చెమ్మగానే ఉంటాయి. ప్లాస్టరింగ్ పెచ్చులుగా రాలుతుంది, కొత్త రంగు బుడగలు లేస్తుంది, బాగానే ఉన్నాయనుకున్న స్విచ్ బోర్డులు ఒక్కొక్కటే కాలిపోతాయి. ఈ తేడా అంతా ఉప్పు వల్లే.

సముద్రపు నీటిలో లీటరుకు దాదాపు 35 గ్రాముల ఉప్పు ఉంటుంది. నీళ్ళు ఆవిరైనా ఉప్పు గోడలోనే మిగులుతుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే మామూలు ఉప్పు ఆ తేమను లాక్కుని కరుగుతుంది. సముద్రపు ఉప్పులో ఉండే మెగ్నీషియం క్లోరైడ్ 33 శాతం తేమ దగ్గరే ఆ పని మొదలుపెడుతుంది. తీరప్రాంతంలో గాలి అంతకన్నా పొడిగా ఉండే రోజులు బహు అరుదు. అంటే ఉప్పు పట్టిన గోడను ఎంత ఆరబెట్టినా మళ్ళీ గాలిలోంచి నీళ్ళు తాగుతూనే ఉంటుంది. అందుకే ముందు మంచినీళ్ళతో కడగాలి, ఆరబెట్టడం ఆ తర్వాతే. కింద చెప్పేదంతా ఈ వరస చుట్టూనే తిరుగుతుంది.

1. నీళ్ళు మీ గడప దాకా వస్తాయా? లెక్క వేయడం

హరికేన్, టైఫూన్, తుఫాను: పేరు ఏదైనా ఉప్పెన పుట్టే తీరు ఒకటే. గాలి సముద్రాన్ని ఒడ్డు వైపు తోస్తుంది. వాయుపీడనం తగ్గడం వల్ల కూడా నీటి మట్టం లేస్తుంది గానీ అది చిన్న వాటా: ఒక హెక్టోపాస్కల్ తగ్గితే సుమారు ఒక సెంటీమీటరు. తీరం దగ్గర సముద్రం లోతు తక్కువగా, వాలు మెల్లగా ఉంటే తోసుకొచ్చిన నీటికి కిందికి పోయే దారి ఉండదు, పైకి లేస్తుంది. తుఫాను పెద్దదైతే, అఖాతం గరాటులా సన్నబడితే ఇంకా లేస్తుంది.

తుఫాను కేటగిరీ చూసి ఉప్పెన ఎత్తు ఊహించకండి. కేటగిరీ గాలి వేగానికి ఇచ్చే అంకె మాత్రమే. 2008లో ఐక్ హరికేన్ అమెరికాలోని టెక్సస్ తీరం దాటేటప్పటికి కేటగిరీ 2. అయినా అక్కడి బొలివార్ ద్వీపకల్పాన్ని ముంచిన ఉప్పెన 4.5 నుంచి 6 మీటర్లు.

హెచ్చరికలో ఇచ్చిన ఎత్తు దేని మీద నుంచి కొలిచిందో చూడండి. 'నేల మీద ఇన్ని మీటర్లు' అంటే అది సూటిగా లోతే. 'మామూలు పోటు మట్టం కన్నా ఇంత ఎక్కువ' అంటే లెక్క మీరే వేసుకోవాలి. పోటు కన్నా 2.5 మీటర్లు ఎక్కువ అని చెప్పారనుకుందాం. ఆ వేళకు పోటు సగటు సముద్రమట్టానికి 0.8 మీటరు పైన ఉంటుంది. మొత్తం 3.3. మీ ఇంటి నేల సముద్రమట్టానికి 2.2 మీటర్ల ఎత్తున ఉంటే హాల్లో 1.1 మీటరు నీళ్ళు నిలుస్తాయి. అలలు దాని మీద అదనం. ఇంటి ఎత్తు సర్వే పటం నుంచో, పక్కా బెంచ్‌మార్కు (సముద్రమట్టం నుంచి ఎత్తు కొలిచి పెట్టిన సర్వే గుర్తు) నుంచో తీసుకోవాలి. మొబైల్ జీపీఎస్ చూపించే ఎత్తులో పది మీటర్ల తేడా కూడా రావచ్చు. ఈ లెక్కకు అది పనికిరాదు.

సముద్రం ఒక్కసారిగా వెనక్కి తగ్గితే గండం గడిచిందనుకోకూడదు. ఒడ్డు నుంచి సముద్రం వైపు వీచే గాలి నీటిని లోపలికి తోసేస్తుంది. 2017లో ఇర్మా, 2022లో ఇయన్ హరికేన్లు వచ్చినప్పుడు ఫ్లోరిడాలోని టాంపా అఖాతం ఇలాగే అడుగు తేలింది, జనం దాంట్లో నడిచారు. గాలి దిశ మారితే ఆ నీళ్ళు తిరిగొస్తాయి.

వెళ్ళేటట్టయితే రోడ్లు మునగక ముందే వెళ్ళాలి. పారే నీళ్ళు 15 సెంటీమీటర్లుంటే మనిషి నిలదొక్కుకోవడం కష్టం, 30 సెంటీమీటర్లలో చిన్న కారు తేలుతుంది, 60 సెంటీమీటర్లు దాటితే చాలా వాహనాలు కొట్టుకుపోతాయి.

2. ఇల్లు వదిలే ముందు

మెయిన్ స్విచ్ కట్టేయండి, గ్యాస్ వాల్వు మూసి సిలిండరు కదలకుండా కట్టండి (ఖాళీదైతే ఇట్టే తేలిపోతుంది). పురుగుమందులు, ఆమ్లాలు, పెట్రోలు డబ్బాలు అన్నిటికన్నా పై అరలో పెట్టండి. ప్రతి గదినీ వీడియో తీయండి, బీమా కోసం. వాహనాన్ని ఎత్తైన చోటికి తీసుకెళ్ళండి. ముఖ్యంగా ఎలక్ట్రిక్ వాహనాన్ని.

ఎవరూ పట్టించుకోని పని ఒకటుంది. పైకప్పు మీది ట్యాంకును మంచినీళ్ళతో నింపి, కిందికి వచ్చే గొట్టం వాల్వును ట్యాంకు దగ్గరే మూసేయండి. ఉప్పెనలో కింద గొట్టం విరిగితే తెరిచి ఉన్న ట్యాంకు ఖాళీ అయిపోతుంది. ఉప్పెన తర్వాత కొన్ని రోజుల పాటు ఊళ్ళో మంచినీళ్ళు దొరకవు, గోడలు కడగడానికి ఇవే మీకు మిగిలేవి. నిండు ట్యాంకుకు బరువు ఉంటుంది కాబట్టి గాలికి లేచిపోదు కూడా. నేలలోని సంపులో మాత్రం సముద్రపు నీళ్ళు చేరతాయి, దాని మీద ఆశ పెట్టుకోవద్దు.

3. తిరిగి వెళ్ళడం: లోపలికి అడుగు పెట్టే ముందు

తుఫాను కన్ను మీద నుంచి పోతున్నప్పుడు గాలి కాసేపు ఆగుతుంది, తర్వాత ఎదురు దిశ నుంచి వీస్తుంది. అధికారులు చెప్పకుండా కదలవద్దు. గాలి తగ్గాక కూడా తర్వాతి పోటుకు నీళ్ళు మళ్ళీ రావచ్చు. లోతట్టున కురిసిన వాన నదుల గుండా ఒకటి రెండు రోజులకు వచ్చి ముంచవచ్చు.

ఇంటి చుట్టూ ముందు ఒక చుట్టు తిరగండి. చూడాల్సినవి:

- తెగిపడ్డ కరెంటు తీగ. కనీసం 10 మీటర్ల దూరం ఉండాలి. తడి నేలా, ఇనుప కంచె కూడా కరెంటును మోసుకొస్తాయి.
- పునాది కింద ఇసుక కొట్టుకుపోయిందా? ఉప్పెన ఇంటి మూలల దగ్గర, స్తంభాల చుట్టూ గోతులు తవ్వుతుంది. పైన గోడలు చెక్కుచెదరకపోయినా కింద ఆధారం ఉండకపోవచ్చు. ఒకవైపు వాలిన గోడ, మెట్లలా విరిగిన కొత్త పగులు, బిగుసుకుపోయిన తలుపు కనిపిస్తే ఇంజినీరు చూసేదాకా లోపలికి పోవద్దు.
- గ్యాస్ వాసన. వస్తే వెనక్కి తిరగండి, ఏ స్విచ్చీ నొక్కకండి.
- పైకప్పు మీద సౌర ఫలకాలు. వీధిలో కరెంటు లేకపోయినా ఎండ ఉన్నంతసేపు ఫలకాల తీగల్లో విద్యుత్తు ఉంటుంది.
- మునిగిన బ్యాటరీలు. వీటి సంగతి కింద వేరుగా.

ఒంటి మీద మోకాలి దాకా రబ్బరు బూట్లు, మందపాటి చేతి తొడుగులు, ఎన్‌95 మాస్కు, కళ్ళద్దాలు ఉండాలి. బురదలో మేకులుంటాయి కాబట్టి టెటనస్ టీకా సంగతి చూసుకోండి. పాములు అరల్లోకి, బీరువాల కిందికి చేరి ఉంటాయి. చెయ్యి పెట్టే ముందు కర్రతో కదపండి.

వెచ్చని ఉప్పునీటిలో విబ్రియో వల్నిఫికస్ అనే బాక్టీరియా ఉంటుంది. అమెరికాలో 2005లో కత్రినా హరికేన్ తర్వాత, 2022లో ఇయన్ తర్వాత దీని కేసులు వచ్చాయి. చిన్న గాయంలోంచి దిగి గంటల్లోనే పాకుతుంది. గాయం చుట్టూ ఎరుపు వేగంగా విస్తరించినా, గాయానికి మించిన నొప్పి ఉన్నా, నెత్తురు నిండిన పొక్కులు లేచినా తెల్లవారేదాకా ఆగకండి. ఆసుపత్రిలో 'ఈ గాయానికి సముద్రపు నీళ్ళు తగిలాయి' అని ముందే చెప్పండి. కాలేయ జబ్బు ఉన్నవాళ్ళు, మధుమేహం ఉన్నవాళ్ళు అసలు ఈ నీళ్ళలో దిగకపోవడమే మేలు.

4. నీళ్ళు తోడడం, బురద ఎత్తడం

దేనినీ కదపక ముందే ఫొటోలు తీయండి. గోడ మీద నీటి గీతను పెన్సిల్‌తో గుర్తుపెట్టి, టేపు పక్కన పెట్టి ఫొటో తీయాలి. బీమాకూ, తర్వాత ఎంత ఎత్తు దాకా కడగాలో, కోయాలో తేల్చుకోడానికీ ఆ గీతే ఆధారం.

నేలమాళిగ ఉంటే దాన్ని ఒక్కసారిగా ఖాళీ చేయకండి. బయటి నేల నీళ్ళతో బరువెక్కి ఉంటుంది, లోపలి నీళ్ళు ఆ ఒత్తిడికి ఎదురు నిలుస్తుంటాయి. తోడేస్తే గోడ లోపలికి కూలుతుంది. 60 నుంచి 90 సెంటీమీటర్లు తోడి, మట్టం గుర్తుపెట్టి, రాత్రంతా వదిలేయండి. తెల్లారేసరికి నీళ్ళు గుర్తు దాటి పైకొస్తే బయట ఒత్తిడి ఇంకా తగ్గలేదు, మరో రోజు ఆగాలి. సెప్టిక్ ట్యాంకుకూ ఇదే జాగ్రత్త: నేల నీళ్ళతో ఊరి ఉండగా ట్యాంకు ఖాళీ చేస్తే అది పైకి తేలి గొట్టాలు విరుగుతాయి.

బురద తడిగా ఉండగానే ఎత్తేయాలి. ఎండితే గట్టిపడుతుంది, పగలగొడితే లేచే దుమ్ములో మురుగూ ఉప్పూ రెండూ ఉంటాయి. పారతో ఎక్కువ భాగం ఎత్తి, మిగిలిందాన్ని గది లోపలి మూల నుంచి గుమ్మం వైపు తోయండి. గొట్టాలు వెళ్ళే కన్నాలు, బోలు ఇటుకల ఖాళీలు, తలుపు చట్రాల వెనకాల, మెట్ల కింద: బురద దాక్కునేది అక్కడే. కడిగేటప్పుడు ఉప్పు మళ్ళీ ఊరి వచ్చేదీ అక్కడి నుంచే.

జెనరేటరు వాడుతుంటే ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో, పొగ గొట్టం కిటికీల నుంచి ఎడంగా ఉండేలా పెట్టండి. వరండాలో గానీ గరాజులో గానీ పెట్టవద్దు. తుఫాను దాటి బతికినవాళ్ళు కార్బన్ మోనాక్సైడ్‌కు బలైన సందర్భాలు చాలా ఉన్నాయి. దాన్ని ఇంటి ప్లగ్గులోకి గుచ్చి ఇంటికంతటికీ కరెంటు ఇవ్వడమూ తప్పే: ఆ కరెంటు వీధి తీగల్లోకి ఎదురెక్కి, లైను బాగుచేస్తున్న మనిషిని చంపుతుంది.

5. ఉప్పు కడగడం

ఈ పని మీద ఎంత సమయం పెడితే తర్వాత అంత డబ్బు మిగులుతుంది. ఉప్పు ఎంత పడుతుందో ఒక లెక్క చూడండి. 3 మీటర్ల పొడవు, 23 సెంటీమీటర్ల మందం ఉన్న ఇటుక గోడ మీటరు ఎత్తు మునిగిందనుకుందాం. ఇటుకలో ఐదో వంతు సూక్ష్మ రంధ్రాలని లెక్కేస్తే, పూర్తిగా నానిన గోడలో దాదాపు 138 లీటర్ల నీళ్ళుంటాయి. దాంట్లో ఉప్పు 4.8 కిలోలు. అదృష్టం ఏమిటంటే ఉప్పెన సాధారణంగా గంటల్లో వెనక్కి పోతుంది, ఉప్పు అంత లోతుకు దిగదు. తడి ఆరకముందే కడిగితే పైపైన ఉన్నది చాలావరకు వచ్చేస్తుంది. రెండు వారాలు ఆగితే అదే ఉప్పు గోడలోపల గడ్డకట్టి కూర్చుంటుంది.

పద్ధతి ఇది:

1. పుట్టీ, మెత్తబడిన ప్లాస్టరింగ్, ఉబ్బిన రంగు, గోడకాగితం ముందే గీకి తీసేయండి. రంగు పొర ఉంటే నీళ్ళు లోపలి ఉప్పును తాకవు.
2. నీటి గీతకు 30 సెంటీమీటర్ల పైనుంచి మొదలుపెట్టి కిందికి కడగండి. గొట్టం ధార మెల్లగా ఉండాలి. అధిక పీడనపు యంత్రం వాడితే ఉప్పునీళ్ళు గోడలోకి ఇంకా లోతుగా దిగుతాయి, ప్లాస్టరింగ్ కూడా ఊడుతుంది.
3. ఒకేసారి గంటసేపు నీళ్ళు కొట్టడం వృథా. కొద్దిగా తడిపి, 20 లేదా 30 నిమిషాలు ఆగి, మళ్ళీ తడపండి. ఆ విరామంలో లోపలి ఉప్పు కరిగి పైకి వస్తుంది, తర్వాతి విడత దాన్ని కొట్టుకుపోతుంది. తక్కువ నీళ్ళతో ఎక్కువ ఉప్పు వదిలే దారి ఇదే.
4. కిందికి జారిన నీళ్ళను గోడ మొదట్లో నిలవనివ్వకండి. తుడుపు కర్రతో వెంటనే బయటికి తోయాలి. లేదంటే పైనుంచి దిగిన ఉప్పంతా గోడ మొదలు పీల్చుకుంటుంది.
5. జారిన నీళ్ళను ఒక గ్లాసులో పట్టి కొలవండి.

కొలవడానికి నీటి టీడీఎస్ పెన్ను (నీటిలో ఎంత ఉప్పు కరిగి ఉందో చూపే చిన్న మీటరు) చాలు. మీరు కడగడానికి వాడుతున్న నీళ్ళను ముందు కొలిచి రాసిపెట్టుకోండి. గోడ నుంచి జారిన మొదటి గ్లాసు కొలిస్తే పెన్ను తెర మీద అంకె పరిధి దాటిపోవచ్చు, చాలా పెన్నులు 10,000 (లీటరుకు మిల్లీగ్రాములు) దగ్గర చేతులెత్తేస్తాయి. అప్పుడు ఒక వంతు ఆ నీళ్ళకు తొమ్మిది వంతుల మంచినీళ్ళు కలిపి కొలిచి, వచ్చిన అంకెలోంచి మంచినీళ్ళ వాటా తీసేసి పదితో గుణించండి. విడత విడతకూ అంకె పడిపోతుంది. మీ నీళ్ళ అంకెకు రెట్టింపు లోపలికి వచ్చిందంటే ఆ గోడను వదిలి తర్వాతి గోడకు వెళ్ళండి. ఇంకా తగ్గించాలని పట్టుబడితే అయ్యేది నీళ్ళ ఖర్చే.

నీళ్ళు తక్కువగా ఉంటే ఏది ముందు? ఇనుము, బోల్టులు, పైకప్పును గోడకు కట్టే లోహపు పట్టీలు, కిటికీ గ్రిల్లులు, తలుపు బందులు మొదట: ఉప్పు తగిలిన ఇనుమును తుప్పు రోజుల్లోనే తినేస్తుంది, వీటికి బకెట్టు నీళ్ళు చాలు. తర్వాత ఇటుక గోడలు. టైల్సు నేల చివర. చెరువు నీళ్ళు వాడేముందు పెన్నుతో చూడండి, ఉప్పెన చెరువునూ వదిలి ఉండదు. తుఫాను తర్వాతి వాన ఉచితంగా వచ్చిన మంచినీరు, కురుస్తుంటే గోడల బయటి వైపును అదే కడిగిపెడుతుంది.

6. కరెంటు

మునిగిన స్విచ్చి ఆరబెడితే పనిచేస్తుంది. ప్రమాదమంతా అలా పనిచేయడంలోనే ఉంది. లోపల ఉప్పు పొర మిగిలి, తేమ తగిలినప్పుడల్లా కొద్దికొద్దిగా కరెంటు దాని మీదుగా పాకుతుంది. ఇత్తడి ముక్కలు పచ్చగా తుప్పుపడతాయి. కొన్ని వారాలకో నెలలకో వేడెక్కి అంటుకుంటుంది. కాబట్టి నీటి గీత కింద ఉన్న స్విచ్చులు, ప్లగ్గులు, ఎమ్‌సీబీలు (లోడు ఎక్కువైతే కరెంటు ఆపేవి), ఆర్‌సీసీబీలు (కరెంటు లీకైతే ఆపేవి), ఫ్యూజు పెట్టెలు అన్నీ మార్చాలి. ఎమ్‌సీబీని కడిగి వాడటం ముఖ్యంగా తప్పు. లోపలి యంత్రాంగం బిగుసుకుపోతే అవసరమైనప్పుడు అది పడి కరెంటును ఆపదు.

వైర్ల విషయంలో జనం మోసపోయే చోటు ఒకటుంది. తొడుగు బాగానే కనిపిస్తుంది. కానీ చివర మునిగిన వైరులో రాగి పోగుల మధ్య సందుల గుండా ఉప్పునీళ్ళు పైకి పాకుతాయి, నీటి గీత దాటి కూడా. చివర కోసి తొడుగు వలిచి చూడండి. రాగి నల్లగానో పచ్చగానో ఉంటే ఇంకా కోయండి. మెరిసే రాగి తగలకపోతే ఆ వైరు మొత్తం మార్చాలి. గోడలోని గొట్టాల్లో నీళ్ళు నిలుస్తాయి కాబట్టి వైర్లు లాగేసి, గొట్టాలను మంచినీళ్ళతో కడిగి, ఊది ఆరబెట్టాకే కొత్తవి వేయాలి. చివరకు ఎలక్ట్రీషియన్ 500 వోల్టుల మెగ్గర్‌తో (వైరు తొడుగు కరెంటును ఎంత ఆపుతోందో కొలిచే మీటరు) ప్రతి సర్క్యూటునూ పరీక్షించాలి. ఒక మెగా ఓమ్ కన్నా తక్కువ వస్తే దానికి కరెంటు ఇవ్వకూడదు.

మోటార్లకు మాత్రం కొంత ఆశ ఉంది: విప్పి, మంచినీళ్ళతో కడిగి, ఓవెన్‌లో ఆరబెట్టి, బేరింగులు మార్చి, వార్నిష్ పట్టిస్తే పంపు మోటారు బతుకుతుంది. ఫ్రిజ్జు, వాషింగ్ మెషిన్, టీవీల మీద ఆ శ్రమ దండగ. గ్యాస్ రెగ్యులేటరు, వాటర్ హీటరు వాల్వు మునిగి ఉంటే తిరిగి వాడకండి.

బ్యాటరీలు వేరే రకం ముప్పు. ఇన్వర్టరు ఆమ్ల బ్యాటరీలోకి సముద్రపు నీళ్ళు దిగితే క్లోరిన్ వాయువు పుట్టవచ్చు. గది తలుపులు తెరిచి, ఘాటు వాసన పోయాకే దగ్గరికి వెళ్ళండి. లిథియం బ్యాటరీ ఉన్న కారు, స్కూటరు, సైకిల్ వెంటనే ఏమీ కాకపోయినా రోజులకో వారాలకో దానంతటదే మండవచ్చు. ఇయన్ తర్వాత ఫ్లోరిడాలో ఇలాంటి మంటలు వరుసగా వచ్చాయి. మునిగిన వాహనాన్ని ఛార్జింగ్ పెట్టకుండా, స్టార్ట్ చేయకుండా, ఇళ్ళకూ ఇతర వాహనాలకూ 15 మీటర్ల దూరానికి లాగించండి. చేతి డ్రిల్లు మిషన్ల బ్యాటరీలకూ ఇదే వర్తిస్తుంది.

7. ఉంచేవి, పారేసేవి

పరుపులు, దిండ్లు, స్పాంజి సోఫాలు, కార్పెట్లు, చెక్కపొడి బోర్డుతో చేసిన సామాను పారేయండి. జిప్సం బోర్డు గోడ ఉంటే నీటి గీతకు 30 సెంటీమీటర్ల పైదాకా కోసి తీసేయాలి, నీళ్ళు దాంట్లో పైకి పాకుతాయి. వేడిని ఆపడానికి వెనకాల పెట్టిన దూది లాంటి పొర ఉంటే అదీ తీసేయాలి. అసలు చెక్కతో చేసిన మంచాలు, బల్లలు కడిగి నీడలో ఆరబెడితే నిలుస్తాయి. ఎండలో పెడితే వంకర తిరుగుతాయి. గుడ్డలను సబ్బు పెట్టక ముందే ఒకసారి ఉత్త మంచినీళ్ళలో జాడించండి, ఉప్పునీటిలో సబ్బు నురగ రాదు. కాగితాలు, ఫొటోలు శుభ్రమైన నీళ్ళలో ముంచి తీసి, 48 గంటల్లో ఆరబెట్టలేమనుకుంటే సంచుల్లో పెట్టి గడ్డకట్టించండి. వేరే ఊళ్ళో ఎవరి ఫ్రీజరైనా ఫర్వాలేదు, తర్వాత తీరిగ్గా ఆరబెట్టుకోవచ్చు. కరెంటు పోయి రోజులైన ఫ్రిజ్జును తెరవకండి, టేపు చుట్టి బయట పెట్టండి.

8. బూజు, క్రిమి సంహారం

తడిసిన చోట 24 నుంచి 48 గంటల్లో బూజు మొలకెత్తుతుంది. వరస ఇలా: మంచినీళ్ళు, సబ్బు నీళ్ళతో రుద్దడం, మళ్ళీ మంచినీళ్ళు, ఆ తర్వాతే బ్లీచ్. మురికి మీద పోసిన బ్లీచ్ మురికితోనే ఖర్చైపోతుంది. 5 లేదా 6 శాతం గాఢత ఉన్న ఇంటి బ్లీచ్‌ను లీటరు నీళ్ళకు 60 మిల్లీలీటర్లకు మించి కలపకండి. ఆమ్లం ఉన్న మరుగుదొడ్డి క్లీనరుతో గానీ అమ్మోనియాతో గానీ కలిసిందా, విషవాయువు వస్తుంది.

బ్లీచ్‌ను టైల్సు, ప్లాస్టిక్, గాజు లాంటి పీల్చని వాటికే వాడండి. ఇటుక గోడ మీద దాన్ని గుమ్మరించడం చాలా చోట్ల చూస్తాం. బ్లీచ్ విరిగాక మిగిలేది కూడా ఉప్పే. ఇంతసేపూ కడిగి వదిలించినదాన్ని మళ్ళీ గోడకు ఎక్కించినట్టవుతుంది.

9. ఆరబెట్టడం, కొలవడం

పగలు బయటి గాలి లోపలికన్నా పొడిగా ఉంటే కిటికీలు తెరవండి, రాత్రి తేమ పెరిగితే మూయండి. తేమ లాగే యంత్రం నడిపేటప్పుడు కిటికీలు మూసే ఉండాలి. ఇటుక గోడ ఒక వైపు నుంచి నెలకు సుమారు 25 మిల్లీమీటర్ల లోతు ఆరుతుందని స్థూలంగా అనుకోవచ్చు. 23 సెంటీమీటర్ల గోడ రెండు వైపులా గాలి తగిలితే నాలుగైదు నెలలు.

ఈలోగా గోడ మీద తెల్లని పొడి పూస్తుంది. అది మంచిదే, ఉప్పు బయటికొస్తోంది. పొడి బ్రష్షుతో దులిపి, చేటలోకి ఎత్తి బయట పారేయండి. తడిగుడ్డతో తుడిస్తే కరిగి మళ్ళీ లోపలికి పోతుంది. వాటర్‌ప్రూఫ్ రంగు వేసి మూసేయాలన్న తొందర ఈ దశలోనే పుడుతుంది. అలా మూస్తే ఉప్పు రంగు వెనక స్ఫటికాలుగా పెరిగి ప్లాస్టరింగ్‌ను పగలగొడుతుంది. తప్పనిసరైతే సున్నం వేయండి, దాంట్లోంచి చెమ్మ బయటికి పోగలదు.

చెక్క చట్రాలను బోర్డులతో మూసే ముందు తేమ 15 శాతానికి దిగాలి. పిన్నుల తేమ మీటరు కొలిచేది విద్యుత్ నిరోధాన్ని. ఉప్పు ఉంటే నిజం కన్నా ఎక్కువ తేమ చూపిస్తుంది. అందుకని అంకెను ఒక్కదాన్నే నమ్మకండి. మునగని పై అంతస్తులో అదే రకం చెక్కను కొలిచి పోల్చండి, వారం వారం రాసుకుని తగ్గుదల ఆగిందేమో చూడండి. నేలకైతే 45 సెంటీమీటర్ల చదరపు ప్లాస్టిక్ షీటు పరిచి, నాలుగు అంచులూ టేపుతో అతికించి, ఒక రోజు తర్వాత ఎత్తండి. కింద చెమట పట్టినా, నేల రంగు ముదిరినా ఇంకా ఆరలేదు.

10. బావి, తాగునీరు

ఉప్పునీటిని మరిగిస్తే ఉప్పు పోదు, చిక్కబడుతుంది. బ్లీచింగ్ పౌడరు ఉప్పును ముట్టుకోదు. ఉప్పు లేని, క్రిములున్న నీళ్ళకైతే ఒక నిమిషం తెర్లించడం చాలు, లేదా లీటరుకు రెండు చుక్కల ఇంటి బ్లీచ్ వేసి 30 నిమిషాలు ఆగాలి.

మునిగిన బావిని మోటారు పెట్టి పదేపదే తోడటం పెద్ద పొరపాటు. తీరంలో మంచినీటి పొర ఉప్పునీటి మీద తేలుతూ ఉంటుంది. గట్టిగా తోడితే కింది ఉప్పునీరు బావిలోకి ఎగదన్నుతుంది. 2004 సునామీ తర్వాత శ్రీలంక తీరంలో బావులకు ఇదే ముప్పు ఎదురై, అతిగా తోడవద్దని సూచించాల్సి వచ్చింది. ఒకసారి మెల్లగా తోడి, అడుగు బురద తీసి, ఆ నీళ్ళను బావికి దూరంగా వదిలి, తర్వాత వానలకు వదిలేయాలి. ఉప్పు దిగడానికి ఒక వానకాలమో రెండో పట్టవచ్చు.

ఉప్పు తగ్గాక క్రిమి సంహారం. 1.5 మీటర్ల వ్యాసం, 3 మీటర్ల నీళ్ళున్న బావిలో సుమారు 5,300 లీటర్లుంటాయి. లీటరుకు 50 మిల్లీగ్రాముల క్లోరిన్ కావాలంటే 30 శాతం బ్లీచింగ్ పౌడరు దాదాపు 900 గ్రాములు. బకెట్టు నీళ్ళలో కలిపి, గసి దిగనిచ్చి, పైతేట పోసి, కనీసం 12 గంటలు వాడకుండా ఉంచండి. తెరిచి పాతబడ్డ పౌడరులో గాఢత సగం కూడా ఉండదు.

11. నేల, చెట్లు

ఇసుక, ఒండ్రు మేట ఎత్తేసి, నిలిచిన ఉప్పునీళ్ళు పోయేలా గట్లు తెంపండి. తడిగా ఉన్నప్పుడు దున్నవద్దు. మంచినీళ్ళు నేల గుండా కిందికి దిగితేనే ఉప్పు దిగుతుంది: 15 సెంటీమీటర్ల నీళ్ళు ఇంకితే పైన ఒక అడుగు లోతు మట్టిలోని ఉప్పు దాదాపు సగం, 30 సెంటీమీటర్లకు 80 శాతం, 60 సెంటీమీటర్లకు 90 శాతం పోతుందని అంచనా. బంకమట్టి అయితే నీళ్ళు పెట్టక ముందే జిప్సం చల్లాలి. లేకపోతే ఉప్పు పోయాక మిగిలిన సోడియం వల్ల మట్టి కరిగి పేరుకుని, నీళ్ళు ఇంకని పెచ్చుగా మారుతుంది. ఎంత చల్లాలో మట్టి పరీక్షే చెప్పాలి. ఆకులు మాడిన చెట్లను వెంటనే నరకకండి, చాలా వాటికి కొత్త చిగురు వస్తుంది.

12. ఏడాది తర్వాత

మంచి కాంక్రీటు కొన్ని గంటల మునకకు పాడవదు. భయపడాల్సింది పగుళ్ళున్న చోట, చువ్వల మీద కాంక్రీటు పల్చగా ఉన్న చోట: ఉప్పు చువ్వను చేరితే తుప్పు ఉబ్బి కాంక్రీటును లోపలి నుంచి చీలుస్తుంది. ఆరు నెలలకోసారి నీటి గీత కింది స్తంభాలనూ దూలాలనూ చిన్న సుత్తితో తట్టండి. గణగణలాడాల్సిన చోట బోలు శబ్దం వచ్చినా, చువ్వ వెంబడి నిలువు పగులు గానీ గోధుమ రంగు మరక గానీ కనిపించినా అక్కడ సిమెంటు పూసి మూసేయకండి. చువ్వ చుట్టూ, వెనక వైపు కూడా కాంక్రీటు కొట్టి తీసి, తుప్పు మెరిసేదాకా గీకి, మంచినీళ్ళతో కడిగి, ఆరాకే మరమ్మతు మిశ్రమం నింపాలి. చువ్వ బాగా తరిగిపోయి ఉంటే పక్కన కొత్త చువ్వ కట్టాల్సిందే. ఎక్కడ, ఎంత అన్నది ఇంజినీరును అడిగి తేల్చుకోండి.